పెట్టె మీద తట్టకండి, బిడ్డతో మాట్లాడండి

పోయిన నెల డబ్లిన్‌లో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. కరీంనగర్ తమ్ముడొకడు, గోదాములో రాత్రి డ్యూటీ. భార్యకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. అతను రోజూ డ్యూటీ దిగి నేరుగా వస్తాడు, ఇంక్యుబేటర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు, నోరు మెదపడు. ఎందుకు తమ్ముడూ అంటే, "గట్టిగ మాట్లాడొద్దని సిస్టర్ చెప్పిందన్నా. నాకు ఇంగ్లీషు అంత రాదు గదా, మొత్తానికే మాట్లాడొద్దన్నదేమో అనుకున్న" అన్నాడు. పది రోజులుగా ఇదే వరస!

సిస్టర్ చెప్పిన దాంట్లో తప్పులేదు. కడుపులో ఉన్న బిడ్డకు ఆరో నెల నుంచే వినికిడి మొదలవుతుంది. అక్కడ బయటి శబ్దం మెత్తబడి చేరుతుంది. నెలలు నిండకుండా బయటపడ్డ బిడ్డకు ఆ అడ్డు లేదు. పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడుతుంది, గుండె వేగం మారుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గవచ్చు, నిద్ర చెడుతుంది. మెదడు ఎదిగేది ఆ నిద్రలోనే.

ఇలాంటి వార్డుల్లో శబ్దం 45 డెసిబెళ్ళు దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1997లోనే చెప్పింది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది. పది డెసిబెళ్ళు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. అలారాలు, మిషన్లు మన చేతిలో లేవు. కానీ పెట్టె మీద వేలితో తట్టడం, దాని కిటికీ టప్పున మూయడం, పైన సీసా పెట్టడం మన చేతిలోనివే. అలా తడితే లోపల 80 కూడా దాటవచ్చు. ఇక ఊళ్ళో నాయనమ్మకు చూపించాలని వీడియో కాల్ స్పీకర్లో పెట్టడం మనవాళ్ళకు మహా సరదా. ఫోటో తీసి పంపండి, చాలు. ఫ్లాష్ వద్దు.

అంతమాత్రాన మౌనవ్రతం పట్టనక్కర్లేదు. తల్లీదండ్రీ మెల్లగా మాట్లాడితే బిడ్డకు మేలే. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో నెలలు నిండని పిల్లలను గమనించి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వార్డులో పెద్దవాళ్ళ మాటలు ఎక్కువ విన్న పిల్లలు 18 నెలల వయసులో మాటల పరీక్షల్లో మెరుగ్గా కనిపించారు. కాబట్టి బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, గుండెలకు ఆనించుకున్నప్పుడు, గొంతు తగ్గించి తెలుగులోనే మాట్లాడండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఆ రోజు ఏం వండారో చెప్పండి! బిడ్డ మొహం చిట్లించినా, చేతులు చాపి వేళ్ళు విప్పినా ఇక ఆపాలని గుర్తు.

చెప్పింది అర్థం కాకపోతే తలూపి ఊరుకోకండి. దుబాసీ కావాలని అడగండి, సిగ్గేమీ లేదు. ఇంకోమాట: 37 వారాలు నిండకముందే కాన్పయిన తల్లికి 2017 అక్టోబరు నుంచి ఇక్కడ అదనపు ప్రసూతి సెలవుంది. సరిపడా పీఆర్ఎస్ఐ కట్టి ఉంటే ఆ రోజులకు భత్యం కూడా వస్తుంది. ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌ను అడిగితే కాగితాల సంగతి చెబుతారు.