ప్రకటనల పేజీ కూడా చరిత్రే

చైనాలో రాచరికం కూలిపోతున్న రోజుల నుంచి జపాన్ యుద్ధం ముంచుకొచ్చే దాకా షాంఘైలో స్త్రీల పత్రికలు ఒకదాని వెనుక ఒకటి వెలువడ్డాయి. వాటిలో నాలుగింటిని జర్మనీలోని హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలోకి తెచ్చి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది. 1904లో మొదలైన న్యూజి షిజియె, 1911 నాటి ఫున్యూ షిబావ్, 1915లో వచ్చిన ఫున్యూ జాజి, 1931లో పుట్టిన లింగ్‌లాంగ్ ఆ నాలుగు. వ్యాసాలతో ఆగకుండా ఫొటోలకు, ప్రకటనలకు సైతం మనుషుల చేత వివరాలు రాయించారు. పేజీలు స్కాన్ చేసి అక్షరాలు యంత్రంతో చదివిస్తే పోయేదానికి ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లున్నారు. స్త్రీల చరిత్ర రాసేవాళ్లకు అక్షరాలు ఒక్కటే చాలవు.

లింగ్‌లాంగ్‌నే తీసుకోండి. అరచేతిలో ఇమిడిపోయే వారపత్రిక అది. ఒక అట్ట వైపు నుంచి తెరిస్తే పెళ్లి, ఉద్యోగం, మగవాళ్లతో జాగ్రత్త, పాఠకురాళ్ల ఉత్తరాలకు జవాబులు. తిరగేసి రెండో అట్ట నుంచి తెరిస్తే సినిమాలు, వినోదం. 1930ల్లో విద్యార్థినులందరి చేతుల్లోనూ ఇదే ఉండేదని రచయిత్రి జాంగ్ ఐలింగ్ తర్వాత రాసింది. హెచ్చరికనూ సోకునూ ఒకే అమ్మాయి ఒకే పూట చదివిందన్నది ఆ పత్రిక చేతిలో ఉంటేనే తెలుస్తుంది. అక్షరాలు మాత్రం వేరుచేసి పేర్చిన డేటాబేస్‌లో ఆ తిరగేయడం ఉండదు. ఫున్యూ షిబావ్ సంగతీ అంతే. పరువు గల ఇంటి ఆడవాళ్ల ముఖం నలుగురి కంట పడకూడదనుకునే కాలంలో విద్యార్థినుల ఫొటోలు అచ్చువేసింది. అదే పత్రికలో స్త్రీల జబ్బులకు మందుల ప్రకటనలు. చరిత్రకారిణి జోన్ జడ్జ్ 2015లో వెలువరించిన పుస్తకం ఈ అట్టలను, ఫొటోలను, ప్రకటనలను వ్యాసాలతో కలిపి చదివింది కాబట్టే అంత చెప్పగలిగింది. ఇక సంతకాలు. న్యూజి షిజియెలో ఆడ పేర్లతో వచ్చిన రచనలు కొన్ని మగవాళ్లవి. రచయిత లూషున్ తమ్ముడు జౌ జువోరెన్ నౌకాదళ పాఠశాలలో చదువుతూ అలాగే రాశాడు. యంత్రం అతణ్ని రచయిత్రుల లెక్కలో కలిపేస్తుంది. ఆ పేరు వెనుక ఎవరున్నారో తేల్చడానికి విషయం తెలిసిన మనిషి కూర్చోవాల్సిందే.

చదువుకున్న నగర స్త్రీల పత్రికలతో పల్లె ఆడవాళ్ల బతుకు ఏం తెలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం బలముంది. పల్లెల దాకా ఎందుకు, షాంఘై నూలు మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లు కూడా ఈ పేజీల్లో రాసేవాళ్లుగా కన్నా, ఎవరో రాసే విషయంగానే ఎక్కువగా కనిపిస్తారు. అయితే పత్రిక ఎవరి కోసమో, ఎవరిని గడప బయట నిలబెట్టిందో చెప్పేవి కూడా దాని ధర, ప్రకటనలు, ఫొటోల్లోని బట్టలే. అదే డబ్బుతో ఎన్నో రెట్లు ఎక్కువ పత్రికలు స్కాన్ చేయొచ్చన్నది ఇంకో వాదన. షాంఘై గ్రంథాలయం ఆ పని భారీ ఎత్తున చేసింది, పరిశోధకులకు అది కొండంత అండ. కాకపోతే చాలావరకు చందా కట్టిన సంస్థలకే తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండు పనుల్లో ఒక్కదానికే డబ్బుంటే మాత్రం, కొన్ని పత్రికలనే తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా చేయడం మేలంటాను. ఫున్యూ జాజిని అచ్చువేసిన కమర్షియల్ ప్రెస్ 1932లో జపాన్ దాడిలో కాలిపోయింది, పత్రిక మళ్లీ రాలేదు. మిగిలిన ప్రతులు ఆ కాలపు చవక కాగితం, ముట్టుకుంటే విరుగుతాయి. ప్రకటనలు తర్వాత చూద్దామని ఇప్పుడు వదిలేస్తే, వాటి కోసం మళ్లీ విప్పేటప్పటికి ఆ పేజీలు ఉంటాయన్న నమ్మకం లేదు.