బోరింగు వేయించాము, తరువాత?



ఎండలు ముదిరేసరికి మాకు ఒకే రకం ఉత్తరాలు వస్తుంటాయి. "మా సంఘంలో కొంత సొమ్ము పోగయింది, ములుగు అడవుల్లో ఏ గూడేనికి బోరింగు వేయిస్తే బాగుంటుంది?" అని అడుగుతారు. జవాబుకు ముందు మా సంగతి చెప్పుకోవాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొన్నేళ్ళ కిందట యవనస్థులను వెంటబెట్టుకొని తాడ్వాయి వైపు ఒక గుత్తికోయ గూడేనికి వెళ్ళాము. ఆడవాళ్ళు వాగు ఇసుకలో చేతులతో చెలిమె తవ్వి, నీరు ఊరేదాకా కూర్చొని, చిప్పతో తోడి బిందెలు నింపుతున్నారు. పక్కనే పశువులు అదే వాగులో నిలబడి ఉన్నాయి. మా మనసు కరిగింది. ఆ ఏడే బోరింగు వేయించి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకొని వచ్చాము.

రెండో వేసవిలో వెళ్ళి చూస్తే పంపు పిడిని తాడుతో కట్టేసి ఉంచారు. లోపలి తోలు వాషరు అరిగిపోయింది. ఖరీదు చూస్తే చిన్నదే. కాని అది మార్చాలంటే ఇనుప పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. అందుకు పనిముట్లు కావాలి, తెలిసిన మనుషులు కావాలి. గూడెంలో రెండూ లేవు. ఎవరికి కబురు పంపాలో మేము చెప్పి రాలేదు. వాళ్ళు తిరిగి చెలిమెకే పోయారు. ఆ ముందటి వానాకాలం విరేచనాలు పట్టుకున్న ఒక పిల్లవాణ్ణి మంచంమీద రోడ్డుదాకా మోసుకొచ్చారట. పిల్లవాడు బతికాడు. మా ఫొటో మాత్రం మా గోడమీద అలాగే ఉంది.

ఈ పంపుల కథ మన పాఠకులకు ఆసక్తిగా ఉండవచ్చు. 1960లలో మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్‌లలో మిషనరీ సంస్థల పని చుట్టూ గట్టి చేతిపంపులు తయారయ్యాయి. వాటి అనుభవంతోనే 1970లలో యూనిసెఫ్ సహాయంతో ఇండియా మార్క్-2 వచ్చింది. మన ఊళ్ళలో చూసే బోరింగు చాలావరకు అదే. తరువాత వచ్చిన మార్క్-3లో పైపు వెడల్పు ఎక్కువ. పైపులు పీకకుండానే లోపలి వాషర్లు బయటికి తీయవచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా మారుమూల గూడేనికి అదే మేలని మా అభిప్రాయం. ఆ రోజు ఈ తేడా మాకు తెలియదు, అడగనూ లేదు.

వరంగల్ నుండి నర్సంపేట దారిలో, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. అది కొండ ఊరు కాదు, మైదానమే. అయినా చూసి రావలసిన ఊరు. 1990ల మొదట్లో ఆ ఊరివారు నీళ్ళకోసం కమిటీ వేసుకున్నారు. కాజీపేటలోని బాలవికాస సంస్థ తోడ్పడింది గాని ఊరికే ఇచ్చి వెళ్ళలేదు. ఊరివాళ్ళు తమ వాటా వేసుకోవలసి వచ్చింది. ట్యాంకు కట్టి ఇంటింటికీ నల్లా ఇచ్చారు, నెలనెలా రుసుము కట్టుకున్నారు, లెక్కలు తామే చూసుకున్నారు. రుసుము వసూలు చేయడం పేదల మీద భారమని మేమూ ఒకప్పుడు వాదించాము. నల్లా చెడిన రోజున బాగుచేసుకోవడానికి చేతిలో డబ్బున్నది వాళ్ళకే.

అడవి ఊళ్ళ చిక్కు వేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా నీళ్ళను పైపుల్లో ఎన్నో ఊళ్ళకు తెచ్చింది. రిజర్వు అడవి లోపల పైపు వేయాలన్నా, బోరు వేయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను ఇందుకు దారి చూపింది. తాగునీటి సరఫరాకు, పైపులకు గ్రామసభ సిఫారసు చేస్తే ఒక హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. కాబట్టి డబ్బు పోగుచేసేవారు ముందు గూడెం పెద్దలతోను, పంచాయతీతోను కూర్చోండి. రిగ్గు బండి మాట తరువాత.

వానాకాలం మాటా చెప్పాలి. 2023 జూలై 27న ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. వరద మునిగిన బావి నీళ్ళు, బోరింగు నీళ్ళు తేటగా కనిపించినా నమ్మరాదు. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగుకు దిగుతుంది గాని క్రిములన్నీ చావవు. తేటనీటిని వంచుకొని, తెర్లిన తరువాత ఒక నిమిషమైనా పొయ్యిమీద ఉంచాలి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ఇక మా గూడెం సంగతి. పోయిన ఏడు మళ్ళీ వెళ్ళాము. పంపు బాగుచేయించి, పనిముట్ల పెట్టె ఒకటి కొని అక్కడే ఉంచాము. మెకానిక్కు పని చేస్తుంటే గూడెం ఆడపిల్లలు ఇద్దరు పక్కన కూర్చొని నేర్చుకున్నారు. ఇంటికి పది రూపాయల చొప్పున ఒక డబ్బాలో వేస్తున్నారు. మొన్న వచ్చిన కబురు ప్రకారం వాషరు మళ్ళీ అరిగింది, ఈసారి వాళ్ళే ఏటూరునాగారం వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చారట.