ప్రభల పరుగుకు ఏ కెమెరా?

కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థాన్ని ఫిల్ముపై చిత్రించాలంటే ఏ కెమెరా తగినది? మా మండపేటలో ఈ వ్యసనమున్న నలుగురూ కలిస్తే తప్పక తలెత్తే వాదమిది. ఆలమూరు మీదుగా వెళ్ళి, జొన్నాడ వద్ద గౌతమిని దాటితే కోనసీమ. అక్కడ గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాలపై మోస్తూ యువకులు కౌశికలోకి దిగుతారు. "శరభ శరభ" అన్న కేకల నడుమ ఆ దాటడం కాసేపటి ముచ్చట. చేజారితే మరుసటి కనుమ దాకా ఆగవలసిందే.

పలువురు మోటారు వేగాన్ని బట్టి కెమెరాను ఎంచుతారు. నేను అంగీకరించను. 1996లో వచ్చిన నికాన్ ఎఫ్5 సెకనుకు 8 చిత్రాలు తీయగలదు. ఫిల్ము చుట్టలో ఉండేవి 36. నాలుగున్నర సెకన్లలో చుట్ట ఖాళీ! ప్రభ గట్టెక్కే వేళకు మనం కొత్త చుట్ట ఎక్కిస్తూంటాము. పైగా 1/1000 షట్టరుతో 8 చిత్రాలు తీసినా ఆ సెకనులో మనకు దక్కేది 125వ వంతే. తక్కిన 124 వంతులూ జారిపోయినట్లే. వెంట రెండు మూడు కెమెరాలుండే పత్రికా ఛాయాగ్రాహకులకు మోటారు అక్కరకు రావచ్చు. మన సంగతి వేరు.

నా దృష్టిలో మొదట చూడవలసినది షట్టరు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి 1/60 సెకనులో 8 సెంటీమీటర్లు కదులుతాడు. 1/1000లో అర సెంటీమీటరే. ఐఎస్ఓ 400 ఫిల్ము ఉంటే మంచి ఎండలో ఎఫ్/11 వద్దనే ఆ 1/1000 దొరుకుతుంది. పొద్దు వాలేకొద్దీ అపెర్చరు తెరవాలి కనుక ఎఫ్/2 లెన్సు చేతనుండడం మేలు.

రెండవది వ్యూఫైండరు. ఎస్ఎల్ఆర్‌లో బొమ్మ పడే క్షణాన అద్దం పైకి లేచి కన్ను చీకటవుతుంది. అంటే శిఖర క్షణాన్ని మనం కళ్ళారా చూశామంటే అది ఫిల్ముపై పడలేదన్నమాట! ఈ చిక్కు తప్పించడానికే కానన్ 1965లో పెల్లిక్స్ కెమెరాలో కదలని అద్దం పెట్టింది. వెలుతురు కొంత కోల్పోయింది. కనుక ఒక్క క్షణం ముందే మీట నొక్కే అలవాటు మనమే చేసుకోవాలి. ప్రభ ఎక్కే గట్టు ముందే తెలుసు గనుక ఫోకసు అక్కడ నిలిపి వేచి ఉండవచ్చు.

అందువల్ల నా ఓటు 1982 నాటి నికాన్ ఎఫ్ఎమ్2కి. 1/4000 దాకా షట్టరు, బ్యాటరీ లేకున్నా అన్ని వేగాలూ పనిచేస్తాయి. లైట్ మీటరుకు మాత్రమే బ్యాటరీ కావాలి. 2024లో కొత్తగా వచ్చిన పెంటాక్స్ 17 ముచ్చటైనదే గాని, దాని గరిష్ఠ వేగం 1/350, దూరం అంచనాతో పెట్టుకోవాలి. ఈ పనికి చాలదు. పాత కెమెరా కొన్నవారు సంక్రాంతికి నెల ముందే ఒక చుట్ట తీసి, కడిగించి, షట్టరు నిజాయితీని పరీక్షించుకోవాలి.

డిజిటల్లో ఈ తంటాలే లేవు కదా అంటారా? నిజమే. అయితే ఫిల్మునే కోరుకున్నవాడు 36 చిత్రాల హద్దుకు ముందే ఒప్పుకున్నాడు. ఆ హద్దును మరింత త్వరగా దాటించే యంత్రానికి అధికంగా సొమ్ము పోయడం నాకు సమంజసంగా తోచదు. మోటారు పక్షం వారి వాదన వినడానికి మాత్రం సిద్ధమే.