‘నీటి రిస్కు: లేదు’

మహబూబ్‌నగర్‌లో రాయచూరు బస్సెక్కితే దేవరకద్ర, మరికల్ దాటాక మక్తల్ వస్తుంది. ఆ తర్వాత మాగనూరు. ఇంకొంచెం పోతే కృష్ణమ్మ. వంతెన మీదికి రాగానే అవతలి ఒడ్డున దేవసూగూరు దగ్గర రాయచూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా పొగ వస్తోందా లేదా అని చూడటం నాకో అలవాటు.

1985లో మొదటి యూనిట్‌తో మొదలై 1,720 మెగావాట్ల దాకా పెరిగిన ప్లాంటు అది. నది ఒడ్డునే ఉంది కదా, నీళ్లకేం లోటు అనుకుంటాం. కట్టినవాళ్లూ అలాగే అనుకుని ఉంటారు. కానీ 2016 వేసవిలో కృష్ణ ఎండిపోయి అక్కడ యూనిట్లు ఆపుకోవలసి వచ్చింది. థర్మల్ కేంద్రంలో బొగ్గు చేసే పనల్లా నీళ్లు కాచడమే. టర్బైన్‌ను తిప్పేది ఆవిరి. తిప్పిన ఆవిరిని మళ్లీ చల్లార్చడానికి ఇంకా బోలెడు నీళ్లు కావాలి. కొండంత బొగ్గు పోసి పెట్టుకున్నా నీళ్లు లేకపోతే అది ఉత్త నల్లరాయి.

ఇది ఒక్క రాయచూరు కథ కాదు. 2013 నుంచి 2016 మధ్య మన దేశంలోని 20 పెద్ద థర్మల్ విద్యుత్ సంస్థల్లో 14 సంస్థలు నీటి కొరతతో కనీసం ఒక్కసారైనా ఉత్పత్తి ఆపుకున్నాయని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ 2018లో లెక్క తేల్చింది. 2019లో చెన్నైలో చెరువులు అడుగంటినప్పుడు ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇంటి దగ్గరే ఉండి పని చేసుకోమన్నాయి. నీళ్లు ఎక్కువైనా ప్రమాదమే. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్‌డిస్కుల ఫ్యాక్టరీలు మునిగితే ప్రపంచమంతా కంప్యూటర్ హార్డ్‌డిస్కుల ధర పెరిగింది. ఇలాంటి దెబ్బలు తిన్నాకే పెద్ద కంపెనీలు ‘వాటర్ రిస్క్’ అనే మాట పట్టుకున్నాయి. మన దగ్గర నీళ్లు ఎంత ఖర్చవుతున్నాయి, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, రేపు రాకపోతే ఏం చేయాలి, మనకు సరుకు పంపేవాళ్ల సంగతేమిటి... ఇలా పెద్ద చిట్టా వేస్తారు.

ఆ చిట్టాలు నింపించే ఉద్యోగం మా అన్నయ్య కొడుకుది. హైదరాబాద్‌లో ఓ కన్సల్టెన్సీలో పని. ఓ రోజు ఫోన్ చేశాడు.

“బాబాయ్, మీ పాలమూరు వైపు జిన్నింగ్ మిల్లు ఒకటి ఫారం నింపి పంపింది. నీటి రిస్కు ఉందా అన్న చోట ‘లేదు’ అని రాశారు. నమ్మొచ్చంటావా?”

“మిల్లువాళ్లు నిజమే రాశార్రా. దూది నుంచి గింజ తీయడానికి నీళ్లెందుకు? పనివాళ్లు తాగడానికి, దూది మరీ పొడిబారకుండా కాస్త తడి చల్లడానికి. అంతే.”

“అయితే ఓకే పెట్టేయనా?”

“పెట్టేసేముందు, పత్తి ఎక్కడ పండుతుందో అడిగావా?”

అడగలేదట. ఫారంలో ఆ గడి లేదట.

అసలు చిక్కంతా ఆ లేని గడిలోనే ఉంది. కిలో నూలు బట్టకు ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీళ్లు పడతాయనీ, మన దేశంలో అది 22,500 లీటర్ల దాకా ఉంటుందనీ వాటర్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ లెక్కలు. ఇందులో వాననీరు కూడా కలిసే ఉంటుంది కాబట్టి ఇదంతా బోరు నీళ్లని కంగారుపడక్కర్లేదు. జీన్స్ తయారుచేసే లీవైస్ కంపెనీ తన ప్యాంటు ఒకదాని జీవితకాలం మొత్తం మీద లెక్కేసుకుని 2015లో ప్రకటించింది. మొత్తం 3,781 లీటర్లు. అందులో 68 శాతం పత్తి చేలోనే ఖర్చవుతోంది. మరో 23 శాతం కొనుక్కున్నవాళ్లు ఉతుక్కోవడానికి. (పదిసార్లు తొడిగి ఉతికితే చాలని ఆ కంపెనీ అంటే నవ్వుకున్నవాళ్లున్నారు గానీ, మన ఇళ్లలో అమ్మలు ఎప్పట్నుంచో అంటున్నది అదే.) అద్దకం, కుట్టుపని, ఫ్యాక్టరీ అన్నీ మిగిలిన ఆ తొమ్మిది శాతంలో సర్దుకోవాల్సిందే. కంపెనీ గేటు దగ్గర మీటరు పెట్టి ఎంత జాగ్రత్తగా చూసుకున్నా, అది చూసేది ఆ కాస్త నీటినే.

మక్తల్ చుట్టుపక్కల పత్తి ఎక్కువగా వానాధారం. జూన్‌లో గింజ పెడతారు. మఖ, పుబ్బ కార్తెల్లో వాన ముఖం చాటేస్తే పూత, కాయ రాలిపోతాయి. మిల్లుకు పత్తి తగ్గుతుంది. నూలు మిల్లుకు బేళ్లు తగ్గుతాయి. ఎక్కడో చొక్కాలమ్మే కంపెనీకి ‘సరఫరాలో అంతరాయం’ అని ఓ ఈమెయిల్ వెళుతుంది. వాళ్లు చేసే పని సులువైనదే. ఈసారి గుజరాత్ నుంచి కొంటారు. లేకపోతే ఇంకో దేశం నుంచి. రిస్కు తగ్గించుకున్నట్టు నివేదికలో రాసుకుంటారు. మక్తల్ రైతు చేనును గుజరాత్‌కు మార్చుకోలేడు కదా. ఆయన మారేది తానే. బిడ్డల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి భార్యాభర్తలు ముంబైకో పుణెకో బస్సెక్కుతారు. పాలమూరు లేబర్ అన్న పేరు ఈ జిల్లాకు ఊరికే రాలేదు. ఒకే కరువు, కంపెనీ కాగితంలో రిస్కు, ఇక్కడ వలస.

ఫారాలతో పాటు మ్యాపులు కూడా ఉన్నాయి. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ‘అక్విడక్ట్’, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ‘వాటర్ రిస్క్ ఫిల్టర్’ ఎవరైనా కంప్యూటర్‌లో చూడొచ్చు. ఓ ప్రాంతంలో ఏటా దొరికే నీటిలో ఎంత వాడేస్తున్నారో లెక్కగట్టి రంగులు వేస్తారు. వందకు నలభై వంతులు దాటితే ఎద్దడి ఎక్కువని, ఎనభై దాటితే మరీ ఎక్కువని అర్థం. పనికొచ్చేవే. కాదనను. కానీ అవి పెద్ద పెద్ద విస్తీర్ణాలకు తీసిన లెక్కలు. నది ఒడ్డు ఊరికీ, పది కిలోమీటర్ల అవతల బోరు ఎండిన ఊరికీ ఒకే రంగు పడొచ్చు. ఇంకో చిత్రం చూడండి. 2009లో దేశమంతా వానలు లేక అల్లాడింది. అదే ఏడాది అక్టోబర్ మొదట్లో కృష్ణకు మహా వరద వచ్చి అలంపూర్, కర్నూలు నీట మునిగాయి. ఆ ఏడాదికి సగటు తీస్తే ఏం తెలుస్తుంది?

మ్యాపులో కనిపించనిది మరొకటి ఉంది, జనం. ఇదే దారిలో మరికల్ మండలం చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వచ్చింది. తమ వాగు, పొలాలు పాడవుతాయంటూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆందోళనకు దిగారు. 2023 అక్టోబర్‌లో అది పోలీసులతో ఘర్షణ దాకా వెళ్లింది. అంతకు ముందే కేరళలోని ప్లాచిమడలో పెద్ద పాఠం ఉంది. 2000లో మొదలైన కోకాకోలా ప్లాంటు బావుల్ని ఎండగడుతోందని ఊరు తిరగబడింది. పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004లో ప్లాంటు మూతపడింది. కంపెనీకి భూమిలో నీళ్లున్నాయా అన్నది ఒక ప్రశ్న. ఆ నీళ్లు తీసుకోనిస్తారా అన్నది ఇంకో ప్రశ్న. రెండోది ఇంజినీరును అడిగితే తెలిసేది కాదు. ఫ్యాక్టరీ కట్టాక గ్రామసభ పెట్టి అడిగితే అసలే తెలియదు.

ఇప్పుడు ప్రభుత్వపరంగానూ కొంత కదలిక వచ్చింది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా ఎంత నీరు ఎక్కడి నుంచి తీసుకున్నాయో చెప్పాలని సెబీ నిబంధన పెట్టింది. మంచిదే. అయితే నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లో ఎంత తోడుతున్నారో విడిగా చెప్పే భాగం మాత్రం ఇష్టమైతేనే నింపవచ్చు. అన్నిటికన్నా ముందు అడగవలసింది అదే కదా అని నాకు అనిపిస్తుంది. పట్టణంలో కొళాయి నీరు వాడే ఆఫీసు లెక్కా, మక్తల్ లాంటి చోట బోరు నీరు తోడే యూనిట్ లెక్కా ఒకే మొత్తంలో కలిపేస్తే ఏది ఎవరి గొంతు తడిపిందో ఎలా తెలుస్తుంది?

ఇక్కడి రైతులకు నీటి లెక్కలు కొత్త కాదు. భీమా ఎత్తిపోతల పథకంలో జూరాల వెనక జలాలను పంచదేవ్‌పహాడ్ దగ్గర తోడి సంగంబండ రిజర్వాయర్‌కు ఎక్కిస్తారు. మొత్తం పథకానికి 20 టీఎంసీలు, రెండు లక్షల పై చిలుకు ఎకరాలు అని అంచనా. ఆ మోటార్లు తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటు రావాలంటే ఎక్కడో ఓ థర్మల్ కేంద్రానికి నీళ్లు కావాలి! అందుకే కాలువ కింద వరి వేసేవాళ్లు నారు పోసే ముందు పైన ఆల్మట్టి ఎంత నిండింది, నారాయణపూర్ గేట్లు ఎత్తారా, జూరాలకు ఎన్ని క్యూసెక్కులు వస్తోంది అని వార్తలు చూస్తారు. పేపర్‌లో ఓ మూలన పడే ఆ జలాశయాల పట్టిక వాళ్లకు పంచాంగంతో సమానం.

మా వాడికి ఆ మాటే చెప్పాను. ఒకసారి మక్తల్ వచ్చి పత్తి రైతులతో మాట్లాడమన్నాను. ఈ సీజన్‌లో కుదరదన్నాడు. మార్చి నెలాఖరులోగా ఇంకా నలభై ఫారాలు పూర్తి చేయాలట. మిల్లువాళ్ల జవాబు పక్కన మాత్రం పెన్సిల్‌తో ‘పత్తి ఎక్కడిది?’ అని రాసుకున్నానన్నాడు.