‘సిల్లీ మిస్టేక్’ అని వదిలేయకండి

యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చిన రోజు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: “అన్నీ వచ్చు, సిల్లీ మిస్టేక్స్ వల్లే మార్కులు పోయాయి.” ఈ మాట మనసుకు ఊరటే కానీ, అసలు లోపాన్ని కప్పేస్తుంది. మైనస్ గుర్తు మర్చిపోవడం, ప్రశ్న సగమే చదవడం, చివర్లో టైమ్ చాలకపోవడం... ఇవి వేర్వేరు అలవాట్లు. ఏది తనదో తెలిస్తేనే పిల్లలు దిద్దుకోగలరు.

అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాల జాబితా రాసుకుని, తప్పిన రోజున చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టుకునేవారు. వారానికి ఒక్క గుణం మీదే ప్రత్యేక శ్రద్ధ. క్రమపద్ధతి తనకు పూర్తిగా అలవడలేదని, అయినా ఆ ప్రయత్నమే తనను మెరుగుపరిచిందని ఆత్మకథలో రాశారు.

ఈసారి మార్కులకంటే ముందు “ఏ తప్పు మళ్లీ వచ్చింది?” అని అడగండి. ఒక నోట్‌బుక్‌లో పిల్లల చేతే రాయించండి. నెలకు ఒక్కటి తగ్గినా చాలు. అందులో మీకూ ఒక పేజీ ఉండాలి: కోపమో, ఫోనో, పక్కింటి పిల్లలతో పోలికో.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నిజం చెప్పినందుకు తిట్లు తిన్న పిల్లలు, వచ్చే నెల పేపరే చూపించరు.