అపరాధ భావన ఎవరిది, బాధ్యత ఎవరిది? సూరత్ అనుభవం

వాతావరణ మార్పు, యుద్ధాలు, ఆకలి. నిత్యం వినవస్తున్న ఈ వార్తల ముందు తాము చేయగలిగినదేమీ లేదన్న నిస్సహాయత, తాము సుఖంగా ఉన్నామన్న అపరాధ భావన యువతను కుంగదీస్తున్నాయి. భారత్ సహా 10 దేశాలలో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10 వేల మందిని ప్రశ్నించిన అధ్యయనం ఒకటి 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వెలువడింది. వాతావరణ మార్పుపై తీవ్రంగా ఆందోళన చెందుతున్నామని అందులో 59 శాతం మంది తెలిపారు. అపరాధ భావన కలుగుతోందన్నవారు సగానికి పైనే. ప్రభుత్వాలు తగిన రీతిలో స్పందించడం లేదన్న అభిప్రాయానికీ ఈ వేదనకూ సంబంధం ఉందని కూడా ఆ అధ్యయనం గుర్తించింది. చర్చలలో తరచు మరుగున పడేది ఈ అంశమే.

దీనిని అర్థం చేసుకోవడానికి సూరత్ చరిత్ర ఉపకరిస్తుంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు ప్రబలింది. యాభై మందికి పైగా మరణించారు. లక్షలాది మంది నగరం విడిచి వెళ్లారు. మురికివాడల ప్రజల అపరిశుభ్రతే కారణమని అనడం అప్పుడు తేలిక. అయితే చెత్త ఎత్తించవలసిన యంత్రాంగం ఏం చేస్తోందన్నదే అసలు ప్రశ్న.

1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలాన్ని ఒక్కొక్క అధికారికి అప్పగించి, నిర్ణయాధికారాన్నీ ఇచ్చారు. అధికారులు రోజూ గదులు విడిచి వీధులలో తిరగవలసి వచ్చింది. 1996 నాటికి ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా ప్రకటించింది. ప్రజల మనస్తాపంతో జరిగిన మార్పు కాదిది. ఏ వీధికి ఎవరు జవాబుదారీయో తేలడంతో జరిగినది.

అన్ని సమస్యలూ ఇలా వార్డులుగా విడిపోవు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి, సూరత్‌లో అధిక భాగం మునిగింది. తెలంగాణ నుంచి వలస వెళ్లి మరమగ్గాలపై బతుకుతున్న నేత కుటుంబాలు నివసించే నగరమది. జలాశయంలో ఎంత నీరు నిల్వ ఉంచాలో, ఎప్పుడు విడిచిపెట్టాలో నిర్ణయించేది ఆ కుటుంబాలు కావు. ప్లాస్టిక్ సంచి వాడినందుకు తనను తాను నిందించుకునే విద్యార్థికి ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పుడు తీసుకున్నారో అడిగే హక్కు ఉంది. వరద తరువాత సూరత్‌లో ముందస్తు హెచ్చరిక వ్యవస్థను మెరుగుపరచే ప్రయత్నాలు సాగాయి. ఆ హెచ్చరిక మగ్గాల షెడ్ల వరకు, వారికి తెలిసిన భాషలో, సకాలంలో చేరుతున్నదా అన్నది ప్రతి వర్షకాలంలోనూ అడగవలసిన ప్రశ్న.