పిల్లల మొదటి కచేరీ ఏ హాల్లో?



మీ పాప సంగీతం క్లాసుకు వెళ్తోందా? సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటి గీతాలకు వచ్చిందా? చాలా సంతోషం. మరి ఒక పూర్తి కచేరీని ఎదురుగా కూర్చుని ఎప్పుడైనా విందా? 'లేదు' అనేదే మీ జవాబైతే ఈ మాటలు మీకోసమే.

హైదరాబాద్‌లో పిల్లల్ని కచేరీకి తీసుకెళ్లాలంటే మనకు ముందుగా గుర్తొచ్చేది మాదాపూర్‌లోని శిల్పకళా వేదిక. సుమారు 2,500 సీట్లు, విశాలమైన వేదిక. పెద్ద నృత్య ప్రదర్శనలకు అది చక్కటి చోటు. కానీ గాత్ర కచేరీకి వెనుక వరుసలో కూర్చుంటే గాయకుడి ముఖం కనిపించదు, పాట స్పీకర్లోంచే వినిపిస్తుంది. ఆమాత్రానికి ఇంట్లో టీవీ చాలు కదా అనిపిస్తుంది పిల్లలకు.

టాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి అంత పెద్దది కాదు. ముందు సగంలో సీటు దొరికితే కళ్లకూ చెవులకూ తృప్తిగా ఉంటుంది.

ఇక చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ. హంగులు తక్కువ, పార్కింగ్ కష్టం. అయినా మొదటి కచేరీకి నా ఓటు దీనికే. హాలు చిన్నది కాబట్టి మృదంగం మీద వేళ్లు ఎలా కదులుతున్నాయో, గాయని పాడిన సంగతిని వయొలిన్ ఎలా అందుకుంటోందో దగ్గరనుంచి చూడొచ్చు. గాయని తొడమీద తాళం వేస్తుంటే, క్లాసులో నేర్చుకున్న ఆది తాళమేనని పాప గుర్తుపడుతుంది. తనూ వేలు మడుస్తూ లెక్కపెడుతుంది. మన సంగీతం దగ్గరగా కూర్చుని వినాల్సిన సంగీతం. ఏసీ, పార్కింగ్ చూసి హాలు ఎంచుకుంటే ఈ దగ్గరితనమే పోతుంది.

కొన్ని చిన్న జాగ్రత్తలు: స్పీకర్ల పక్కన కాకుండా మధ్య వరుసల్లో కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మొదటిసారికి గంటసేపు చాలు. వెళ్లాలనుకుంటే పాట పూర్తయ్యాకే లేవండి.

ఎనిమిదో తరగతికి రాగానే 'చదువుకు అడ్డం' అని మనం ముందుగా మాన్పించేది సంగీతాన్నే. మాన్పించాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఒక్క మంచి కచేరీ కూడా వినని బిడ్డకు తాను ఏం వదులుకుంటోందో కూడా తెలియదు. ఆ నిర్ణయానికి ముందే, వీలైతే ఈ నెలలోనే, ఒక సాయంత్రం తీసుకెళ్లండి.